చూడనిది గీయకూడదు

నీళ్లలోంచి లేచినప్పుడు కెతూరా బాగానే ఉంది.

ఆదివారం ఆరాధన ముగిశాక సంఘమంతా మా పశువుల కొట్టం వెనక కుంట గట్టున నిలబడి పాడుతోంది. ఆ ఏడు వాగులో నీళ్లు మోకాలి లోతు కూడా లేవు. అందుకని బాప్తిస్మానికి మా కుంటను అడిగారు. మా పద్ధతిలో నీళ్లలో మోకరించి, ముందుకు వంగి మూడు మునకలు మునగాలి. తండ్రి పేర ఒకటి, కుమారుడి పేర ఒకటి, పరిశుద్ధాత్మ పేర ఒకటి. సంఘపెద్ద గేలన్ ఛాతీ దాకా వచ్చే రబ్బరు తొడుగు వేసుకుని దిగి, ఒక్కొక్కరి తల మీద చెయ్యి పెట్టి ముంచాడు. మా అమ్మాయి అందరికంటే ఆఖర్న. లేచి, తడి బట్టలతోనే గట్టు మీద నిలబడి సిస్టర్లందరి ముద్దులూ అందుకుంది. కుంట మాది, ఇల్లు మాది. వచ్చినవాళ్లందరికీ చల్లటి పుదీనా టీ పోసేదాకా బట్టలు మార్చుకోవడానికి లోపలికి పోలేదు.

సాయంత్రానికి గోక్కోవడం మొదలుపెట్టింది. పొద్దున లేచేసరికి మెడ కింద నుంచి మడమల దాకా ఎర్రటి దద్దుర్లు. మొక్కజొన్న గింజలంతేసి.

తనతో మునిగిన మిగతా ముగ్గురికీ ఏమీ లేదు.

మావాళ్లు నోరు పారేసుకునే రకం కాదు. ఎవరూ ఏమీ అనలేదు. కానీ ఆ వారమంతా మా ఇంటికి రొట్టెలూ పులుసు గిన్నెలూ వచ్చాయి. చావు జరిగిన ఇంటికి వచ్చినట్టు వచ్చాయి. గేలన్ భార్య ఓర్ఫా యాపిల్ ముక్కలు పెట్టి కాల్చిన తీపి రొట్టె ఒకటి తెచ్చి బల్ల మీద పెట్టింది. కెతూరా చేతులు రెండూ తన చేతుల్లోకి తీసుకుని, ఆ దద్దుర్లను చూసి, మెల్లగా అడిగింది.

"ఒప్పుకోకుండా మనసులో ఏదైనా ఉండిపోయిందా తల్లీ?"

ఓర్ఫా మంచి మనిషి. అదే కష్టం. చెడ్డ మనిషి అడిగి ఉంటే కెతూరా నవ్వేసేది.

మా సంఘంలో ఒక మాట ఉంది. ఎక్కడా రాసి లేదు, ఎవరూ ప్రసంగంలో చెప్పరు. పాపం దాచుకుని నీళ్లలోకి దిగితే నీళ్లు ఒప్పుకోవు అని. మా అమ్మ నోట విన్నాను, ఆమె వాళ్లమ్మ నోట విన్నది. నేను దాన్ని ఎప్పుడూ నమ్మానని చెప్పలేను. ఇంటి ఆడపిల్ల ఒంటి మీద ఆ దద్దుర్లు చూశాక, నమ్మలేదని కూడా చెప్పలేను.

దద్దుర్లు మానాయి. కెతూరా మానలేదు.

పాలు పితికే వేళ పక్కన నిలబడేది. యంత్రం చప్పుడులో వినీ వినపడకుండా మాట్లాడేది.

"నాన్నా, చిన్నప్పుడు నీ కోటు జేబులోంచి పిప్పరమెంటు బిళ్లలు తీశాను."

"తెలుసు."

"తెలుసా? మరి అడగలేదేం?"

"మా నాన్న జేబులోంచి నేనూ తీశాను."

నవ్వలేదు. మర్నాడు ఇంకోటి తెచ్చింది. పిన్ని కూతురి కొత్త గౌను చూసి కుళ్లుకున్నదట. ఆ తర్వాత ఇంకోటి. ప్రార్థనలో కునుకు తీసిందట. కునుకు తీయనివాడు మా సంఘంలో ఎవడున్నాడు? కానీ అది తీర్పు దినాన నిలబడ్డట్టు నిలబడి చెప్పేది. పద్దెనిమిదేళ్ల పిల్ల, పాత బట్టల మూట విప్పి దులిపినట్టు పుట్టినప్పటి నుంచీ బతుకంతా విప్పి దులుపుతోంది. ఏది రాలిపడినా అది సరిపోయేది కాదు. నాకు చేతులు ఊరుకునేవి కావు. బాగున్న కంచెను మళ్లీ బిగించాను. బిగించిన తలుపు బందులు ఊడదీసి మళ్లీ బిగించాను.

ఒక సాయంత్రం వంటింట్లోకి వస్తే కిటికీ దగ్గర బల్ల మీద మైక్రోస్కోపుకు తువ్వాలు కప్పి ఉంది.

"ఇదే నాన్నా," అంది. "ఇన్నాళ్లూ వెతికింది ఇదే. బాప్తిస్మానికి ముందు రోజు ఉపవాసం ఉండి ప్రార్థన చేసుకోమన్నారు కదా. నేను నత్తగుడ్డు చూస్తూ కూర్చున్నాను. గుడ్డులో పిల్ల నత్త గుండె కొట్టుకుంటోంది. చూస్తూ చూస్తూ ప్రార్థన సంగతే మరిచిపోయాను. దీన్ని సంఘం వేలానికి ఇచ్చెయ్యి."

నేను వెర్దా వైపు చూశాను. వెర్దా నా భార్య. పొయ్యి మీద చారు కలుపుతోంది. గరిట ఆగింది.

ఆ మైక్రోస్కోపు ముసలి పశువుల డాక్టరు చనిపోయినప్పుడు ఆయన సామాను వేలంలో దొరికింది. మా పిల్లలకు బడి ఇంట్లోనే, మాస్టరు వెర్దా. జీవశాస్త్రం వచ్చేసరికి పుస్తకం మూసి ఆ యంత్రాన్ని ముందు పెట్టేది. మొదట ప్రార్థన. తర్వాత ఉల్లిపొర, చెంప లోపల గీకి తీసిన పొర, కుంట నీటి చుక్క. ఆమెది ఒకటే నియమం: చూడనిది గీయకూడదు. పుస్తకంలో ఉంది కదా అని గీస్తే అది అబద్ధ సాక్ష్యం. పొరుగువాడి మీదే కాదు, పురుగు మీద కూడా అబద్ధ సాక్ష్యం చెప్పకూడదు అనేది. కెతూరా ఎనిమిదేళ్లప్పుడు ఒక నీటిపురుగుకు కన్ను గీసింది. "కన్ను చూశావా?" అంది వెర్దా. "ఉంటుంది కదమ్మా." "చూశావా?" చూడలేదు. కాగితం చించి మళ్లీ గీయించింది. ఆ పిల్ల ఏడుస్తూ గీసింది. కానీ ఆ రోజు నుంచి దాని కళ్లు వేరు. గడ్డిపరక మీద పేను నడిచినా చూసేది. చూసి, "ఎంత చిన్నదాన్ని కూడా వదలకుండా చేశాడు నాన్నా" అనేది.

అలాంటి పిల్ల తువ్వాలు కప్పింది.

"వేలం శీతాకాలంలో కదా," అన్నాను. "చూద్దాం."

ప్రేమవిందు దగ్గర పడుతోంది. ఏడాదికి ఒకసారి సంఘమంతా ఒక చోట కూడి ఒకరి పాదాలు ఒకరు కడుగుతారు. ఒకే గిన్నెలో మాంసం పులుసులో నానిన రొట్టె తింటారు. రొట్టె విరుస్తారు, ఒకే గిన్నెలో తాగుతారు. దానికి ముందు సంఘపెద్దలు ప్రతి ఇంటికీ సందర్శనకు వస్తారు. విశ్వాసంలో నిలబడి ఉన్నావా, దేవుడితోనూ సంఘంతోనూ సమాధానంగా ఉన్నావా అని ఇంట్లో బాప్తిస్మం పొందిన ప్రతివాళ్లనూ అడుగుతారు. అందరూ ఉన్నామంటారు. అది అలా జరిగిపోయే పని.

గేలన్ వచ్చాడు. పందుల్ని పెంచుతాడు, గొంతు పెద్దది, చెయ్యి పెద్దది.

"ఏం హార్లన్, నీకంటే నీ ఆవులే ఎక్కువ మాట్లాడుతున్నాయా ఇంకా?"

"వాటికి చెప్పుకోడానికి ఏదో ఉంది."

నవ్వి కూర్చున్నాడు. నన్ను అడిగాడు, ఉన్నానన్నాను. వెర్దాను అడిగాడు, ఉన్నానంది. కెతూరాను అడిగాడు.

"తెలియదు బ్రదర్," అంది.

గేలన్ టీ గ్లాసు కింద పెట్టాడు. "తెలియదు అంటే?"

"నా బాప్తిస్మాన్ని దేవుడు తీసుకున్నాడో లేదో తెలియదు. లోపల ఏదో ఉంది. ఏమిటో దొరకడం లేదు."

అతను ఆమెను కోప్పడలేదు. తల ఊపాడు. "నువ్వు దాచలేదు, అది మంచిదే. ఒంటి మీద కనబడింది, మనసు కూడా అదే చెబుతోందన్నమాట. అయితే ఈసారికి విందు బల్ల దగ్గర కూర్చోకు అమ్మాయ్. దొరికాక కూర్చుందువుగాని."

ఆ మాటకు చెడ్డ ఉద్దేశం ఏమీ లేదు. కానీ నేను చూశాను, ఎదిగే వయసులో ఒకసారి బల్లకు దూరంగా కూర్చున్నవాళ్లు రెండోసారి ఇంకాస్త దూరంగా కూర్చుంటారు. మూడోసారి గుమ్మం బయట ఉంటారు. ఎవరూ వెళ్లగొట్టరు. వాళ్లంతట వాళ్లే జరిగిపోతారు.

అతను వెళ్లాక వెర్దా అంది, "నువ్వు చూడని పాపానికి బొమ్మ గీస్తున్నావే."

"చూడలేకపోతున్నానమ్మా. ఉండే ఉంటుంది."

"ఆ నీటిపురుగు కన్ను గురించి కూడా ఇదే మాట అన్నావు."

కెతూరా లేచి బయటికి పోయింది.

నాకు ప్రసంగాలు చేతకావు. ఆవుల సంగతి తెలుసు. ఆవు పొదుగు మీద పొక్కులు వస్తే నేను ఆవును నీ పాపమేమిటని అడగను. ఎక్కడ పడుకుందో పోయి చూస్తాను. ఆ మాట నాకు కంచె దగ్గర తట్టింది, సుత్తి పట్టుకుని అలాగే నిలబడిపోయాను. పోయిన ఏడు వసంతంలో ఆ కుంటలోకి బాతుల్ని వదిలాను. అంతకు ముందు లేవు. వాటి రెట్టల్లోంచి ఏదో నీళ్లలోకీ నత్తల్లోకీ చేరిందేమో అనిపించింది. ఒక గాజు సీసాలో కుంట నీళ్లు, బురద, కలువాకుల కింద అంటుకున్న నత్తలు ఇన్ని తెచ్చి వంటింటి కిటికీలో పెట్టాను. తువ్వాలు తీసి మైక్రోస్కోపులో చూశాను. నల్లటి గడ్డిపరకలు అడ్డంగా ఊగుతున్నాయి.

"వెర్దా! ఏవో ఉన్నాయి!"

వచ్చి చూసింది. "అవి నీ కనురెప్ప వెంట్రుకలు."

ఆమె చూసినా ఏమీ కనబడలేదు. పచ్చటి నాచు, గాజు ముక్కల్లాంటి చిన్న చిన్న పెంకులు. ఎప్పుడూ ఉండేవే. తువ్వాలు మళ్లీ కప్పేశాను. సీసా మాత్రం కిటికీలో మరిచిపోయాను.

మర్నాడు పొద్దున పాలు పోసి వచ్చేసరికి కెతూరా గిన్నెలు కడుగుతూ ఆగిపోయి ఉంది. చేతులు సబ్బు నురగలో ఉన్నాయి. కళ్లు సీసా మీద ఉన్నాయి. సూర్యుడు ఆ కిటికీలోకే వస్తాడు. సీసాలో ఎండ తగిలే వైపున, నీళ్లలో సన్నటి దుమ్ము లాంటిది. గాలి లేదు, ఎవరూ కదపలేదు, ఆ దుమ్ము మాత్రం కదులుతోంది. కిందికి జారి, ఒక్క కుదుపుతో పైకి వచ్చి, మళ్లీ జారుతోంది.

"నాన్నా, ఆ నత్తల్ని ఎక్కణ్ణుంచి తెచ్చావు?"

"గట్టు దగ్గర. మీరు మోకరించిన చోట."

చేతులు తుడుచుకుంది. తువ్వాలు దగ్గర ఆగింది. నేను బూట్లు విప్పుతున్నట్టు నటించాను. తర్వాత తువ్వాలు నేల మీద ఉంది, ఆమె కన్ను గొట్టం మీద ఉంది.

వెర్దా కూడా వచ్చి నిలబడింది.

"తోక ఉంది," అంది కెతూరా. "చివర చీలింది. పంగలకర్ర లాగ. తలవైపు రెండు నల్లటి చుక్కలు. కళ్లేమో. కళ్లని చెప్పలేను, చుక్కలు."

వెర్దా పెదాలు కదిలాయి. ప్రార్థనో నవ్వో తెలియదు.

ఆ రోజంతా ఆ పిల్లకు అన్నం లేదు. వంటింట్లో గ్లాసులన్నీ తీసి ఒక్కో నత్తను ఒక్కో గ్లాసులో వేసి వరసగా కిటికీలో పెట్టింది. మాకు తాగడానికి టీ కప్పులు మిగిలాయి. మరుసటి పొద్దున ఎండ వచ్చాక ఒక గ్లాసులో నీళ్లు మసకబారాయి, మిగతావి తేటగా ఉన్నాయి. ఆ ఒక్క నత్త ఒంట్లోంచే పంగతోక పురుగులు వందలుగా బయటికొస్తున్నాయి. ఆ నీటిచుక్క తన మోచేతి లోపలివైపు పెట్టుకుంది. రెండో చేతి మీద బావి నీటిచుక్క. చుక్క ఆరుతుంటే చురుక్కుమందట. సాయంత్రానికి ఆ చేతి మీద ఒక్క ఎర్రటి దద్దు లేచింది, అచ్చం అప్పటిలాంటిదే. రెండో చెయ్యి శుభ్రంగా ఉంది.

నేనే గేలన్‌కు ఫోను చేశాను. పందుల వాసనతోనే వచ్చాడు.

"పాపం కూడా కనబడుతుందేమిటి దీంట్లో?" అంటూ కూర్చుని గొట్టంలో కన్ను పెట్టాడు. "ఏవో నల్లటి గడ్డిపరకలు."

"అవి నీ వెంట్రుకలు," అన్నాను. నాకూ తెలుసు కదా ఇప్పుడు.

కెతూరా అతని తల కాస్త వెనక్కి జరిపింది. గేలన్ ఒళ్లు ఉలిక్కిపడింది. "అమ్మో! ఇది ఈదుతోందే! రెండు తోకలు!"

"ఒకటే బ్రదర్. చివర చీలింది."

అతను చాలాసేపు చూశాడు. చూడ్డం చూశాడు, అది ఒప్పుకోవాలి. తర్వాత వెనక్కి వాలి అన్నాడు, "బైబిల్లో యోనాకు నీడనిచ్చిన సొరచెట్టుకు పురుగును పెట్టింది ఎవరు? దేవుడే కదా. పురుగు ఉందంటే దేవుడు పంపలేదని కాదే."

వెర్దా అంది, "ఆ పురుగు సొరచెట్టును కొరికింది బ్రదర్. దాని గురించి యోనాను ఎవరూ ప్రేమవిందు నుంచి లేపలేదు."

గేలన్ నవ్వాడు. మళ్లీ నవ్వు ఆపేసుకున్నాడు. "అది సరే సిస్టర్. మరి మిగతా ముగ్గురు? వాళ్లూ అవే నీళ్లలో మునిగారు. పురుగు వాళ్లను వదిలేసి ఈ పిల్లనే ఎందుకు పట్టుకుంది?"

ఆ ప్రశ్న నాకూ రాలేదు, వెర్దాకూ రాలేదు. కెతూరాకు వచ్చి ఉంటుంది. మొహం చూస్తే తెలిసింది.

గేలన్ తన చేతులు చూసుకున్నాడు. "నేను రబ్బరు తొడుగులో ఉన్నాను. నాకేం తెలుస్తుంది. పద హార్లన్. దిగి చూద్దాం."

ఇద్దరు ముసలాళ్లం పంట్లాం కాళ్లు మోకాళ్ల పైకి మడుచుకుని ఎండలో కుంటలో నిలబడ్డాం. బాతులు చుట్టూ తిరిగి తిట్టాయి. గేలన్ కాళ్లు సూర్యుణ్ణి చూసి ఎన్నేళ్లయిందో, పిండిలా తెల్లగా ఉన్నాయి.

"మన పెళ్లాలు చూస్తే ఏమంటారు?"

"నా పెళ్లాం చూస్తూనే ఉంది," అన్నాను. వెర్దా గట్టు మీద చేతులు కట్టుకుని నిలబడి ఉంది.

కాళ్లు ఎండలోనే ఆరనిచ్చాం. నాకు ఏమీ కాలేదు. మర్నాడు గేలన్ ఫోను చేశాడు. "ఏమీ లేదు హార్లన్. ఉంటే బాగుండుననే అనుకున్నాను. లేదు."

నేను ఫోను పెట్టేసేసరికి కెతూరా గ్లాసులు కడిగి బీరువాలో పెడుతోంది. నత్తల్ని కుంటలో పారబోసింది. తువ్వాలు మళ్లీ మైక్రోస్కోపు మీదికి వచ్చింది. ఈసారి ముడత లేకుండా, శుభ్రంగా కప్పింది.

"నాకే అయింది," అంది. "మీకెవరికీ కాలేదు. ఇప్పుడు చూసింది కూడా అదే చెబుతోంది కదా."

అంతకుముందు అనుమానం, ఇప్పుడు రుజువు. ఆ రుజువుకు మేమే కాళ్లు అరువిచ్చాం. కొట్టంలో అటూ ఇటూ తిరిగాను. ఆవులు నన్ను చూసి బెదిరి పాలు దిగనివ్వలేదు. బయటికిపోయి కంచె పొడుగునా పిచ్చితీగెలు కొట్టడం మొదలుపెట్టాను. అక్కడ మా వైపు పుట్టే విషతీగ అల్లుకుని ఉంది, మూడేసి ఆకులది. చేతికి తొడుగు వేసుకోకుండా దాన్ని ముట్టుకునేవాడు మా దగ్గర ఉండడు. నేనూ తొడుగు వేసుకోబోయి ఆగాను.

గబగబా ఇంట్లోకి వచ్చాను. బురద బూట్లతోనే వచ్చాను, వెర్దా అరవలేదు.

"కెతూరా! ఆ విషతీగ. చిన్నప్పుడు మా తమ్ముడూ నేనూ దాని మీద పడి దొర్లాం. ఇద్దరికీ ఏమీ కాలేదు. మమ్మల్ని అది ఏమీ చేయదని ఊరంతా గొప్పలు చెప్పాను. తర్వాత ఒకసారి ఒట్టి చేత్తో పీకాను. మొహం గుమ్మడికాయైంది, కళ్లు మూసుకుపోయాయి. మొదటిసారి ఒంటికి అది ఎవరో తెలియదు. తెలిశాక ఊరుకోదు." అంత పొడుగు మాట నేను ఆ ఏడంతా మాట్లాడి ఉండను. "నువ్వు పోయిన ఎండాకాలమంతా ఆ కుంటలో మోకాలి లోతున తిరిగావు. నత్తగుడ్ల కోసం."

ఆమె తన పాదాల వైపు చూసుకుంది. "మడమల దగ్గర దురద పెట్టేది," అంది మెల్లగా. "దోమలనుకున్నాను." మళ్లీ మొహం వాల్చేసింది. "కానీ ఇది మనం అనుకోవడమే కదా నాన్నా. చూడలేదు."

"అందుకే మళ్లీ దిగుతాను."

గేలన్ పందుల కొట్టానికి పోయాను. అతను మేత పోస్తున్నాడు.

"ఒకసారి దిగాం, ఏమీ కాలేదు కదయ్యా."

"అందుకే."

"నీకు పిచ్చి పట్టింది హార్లన్."

"పట్టనీ. మొదటిసారి ఏమీ కాకపోతే ఆ పిల్లకు అదే రుజువైంది. రెండోసారి కూడా కాకపోతే నేను ఇంక నోరెత్తను. వెంటనే కాదు, ఒంటికి కాస్త గడువివ్వాలి. విందుకు ముందు గురువారం."

అతను బకెట్టు దించి నన్ను ఎగాదిగా చూశాడు. "నువ్వు నోరెత్తడమే ఒక వింత. వస్తాను."

ఆ రోజులు ఎలా గడిచాయో చెప్పలేను. కెతూరా ప్రార్థనలో కూర్చున్నా, బీన్సు తుంచుతున్నా, కళ్లు నా కాళ్ల మీదే ఉండేవి. గురువారం గేలన్ వచ్చాడు. ఎండలో నిలబడ్డాం. ఈసారి జోకులు లేవు. తుడుచుకోకుండా ఆరబెట్టుకున్నాం. అతను కారెక్కి పోయాడు.

నాకు రాత్రి భోజనం దగ్గరే మొదలైంది. పొద్దున చూస్తే మోకాళ్ల నుంచి పాదాల దాకా ఎర్రటి దద్దుర్లు, మొక్కజొన్న గింజలంతేసి. జీవితంలో నా కాళ్లు చూసుకుని అంత సంతోషించింది లేదు. పంట్లాం మడుచుకుని వంటింట్లో నిలబడ్డాను. కెతూరా మోకాళ్ల మీద కూర్చుని ఒక్కో దద్దునూ వేలితో తాకి చూసింది. ఎక్కడ దురద ఎక్కువ, ఎక్కడ తక్కువ అని అడిగింది. లేచి పోయి తువ్వాలు తీసి మడిచి సొరుగులో పెట్టింది.

"ఇక కూర్చుంటావుగా బల్ల దగ్గర?" అంది వెర్దా.

"బ్రదర్ గేలన్ వద్దన్నారు కదమ్మా. ఆయన కాళ్లు నేను చూడలేదు."

శుక్రవారమంతా ఫోను చేశాను. ఓర్ఫా ఎత్తి, ఆయన మొక్కజొన్న కోతలో ఉన్నాడంది. కాళ్ల సంగతి అడిగాను. "ఆయన కాళ్ల సంగతి నాకేం చెబుతాడు?" అంది. తిరిగి ఫోను రాలేదు.

శనివారం సాయంత్రం సంఘం ఇంట్లో పొడుగాటి బల్లలు వేశారు. మగవాళ్లు ఒక వైపు, ఆడవాళ్లు ఒక వైపు. కెతూరా వెనక గోడ దగ్గర, ఇంకా బాప్తిస్మం పొందని పిల్లలతో పాటు బెంచీ మీద కూర్చుంది. చేతులు ఒళ్లో బిగబట్టుకుంది. వెర్దా పక్కన ఒక చోటు ఖాళీగా ఉంది. నేను ఆ ఖాళీనే చూస్తున్నాను.

గేలన్ లేచి యేసు శిష్యుల పాదాలు కడిగిన భాగం చదవడం మొదలుపెట్టాడు. గొంతు మామూలుగానే ఉంది. నేను అతని పక్కనే కూర్చున్నాను కనుక బల్ల కింద చూడగలిగాను. అతని కుడి బూటు మడమ ఎడమ పిక్క మీద పైకీ కిందికీ రాసుకుంటోంది. ఒక వచనం చదివి రాసుకుంటాడు, ఇంకో వచనం చదివి రాసుకుంటాడు. నాకు నవ్వు కాదు, ఏడుపు వచ్చింది.

చదవడం అయ్యాక నీళ్ల పళ్లేలు తెచ్చారు. అందరం బూట్లూ మేజోళ్లూ విప్పాం. గేలన్ విప్పి, లేచి నిలబడ్డాడు. పంట్లాం మడిచాడు. పిండిలా తెల్లటి కాళ్ల నిండా ఎర్రటి దద్దుర్లు. గోకిన చోట నెత్తురు చిమ్మి ఉంది. ముందు బల్లల దగ్గర ఎవరో అయ్యో అన్నారు.

"సహోదరులారా," అన్నాడు. "ఇది కుంటలో నత్తల్లోంచి వచ్చే పురుగు. నేను కళ్లారా చూశాను, ఇప్పుడు ఒళ్లారా చూస్తున్నాను. నాకు కూడా దాచిన పాపం ఉందంటారా, ఉండొచ్చు, నాకు కొదవ లేదు. కానీ ఈ దద్దుర్లు దానివి కావు. సందర్శనలో నేను ఒక పిల్లతో, చూడనిదాన్ని చూసినట్టు మాట్లాడాను. అది నా తప్పు." వెనక గోడ వైపు చూశాడు. "కెతూరా. మళ్లీ అడుగుతున్నాను. దేవుడితో సమాధానంగా ఉన్నావా?"

సంఘమంతా వెనక్కి తిరిగింది. ఆమె లేచి నిలబడింది. మా ఆడవాళ్లు పెట్టుకునే తెల్ల టోపీ కింద చెవులు ఎర్రబడ్డాయి.

"దేవుడు నన్ను తీసుకోవడం నేను కళ్లతో చూడలేదు బ్రదర్," అంది. "తీసుకోకపోవడం కూడా చూడలేదు. ఇన్నాళ్లూ చూడనిదాన్నే గీస్తూ కూర్చున్నాను. ఇక గీయను. తీసుకుంటానని ఆయన అన్నాడు. ఆయన మాట మీద ఉన్నాను."

ఓర్ఫా అప్పటికే లేచింది. ఆమె నడుముకు తువ్వాలు కట్టుకుని, పళ్లెం ఎత్తుకుని, బల్లల మధ్య నుంచి నీళ్లు ఒలకబోసుకుంటూ వెనక గోడ దాకా పోయింది. కెతూరా చెయ్యి పట్టుకుని తెచ్చి వెర్దా పక్కన ఖాళీలో కూర్చోబెట్టింది. మోకాళ్ల మీద కూర్చుని ఆమె పాదాలు నీళ్లలోకి తీసుకుంది. ఏం చెప్పుకున్నారో నాకు వినపడలేదు. ఇద్దరి టోపీలూ దగ్గరగా వంగి ఉన్నాయి.

గేలన్ పాదాలు కడగడం నా వంతు. పళ్లెం ముందు మోకరించాను. నా కాళ్లూ మండుతున్నాయి, అతని కాళ్లూ మండుతున్నాయి. నీళ్లు పోసి కడిగి తువ్వాలుతో తుడుస్తుంటే అతను వంగి నా చెవిలో గొణిగాడు.

"గట్టిగా తుడువు."

తుడిచాను.

"ఇంకా గట్టిగా. ఇంకాస్త పైకి. ఆఁ, అక్కడ." కళ్లు మూసుకున్నాడు. "ఆ బాతుల్ని అమ్మెయ్యి హార్లన్."